భయము లేని గడప



రాత్రి పండుకొనబోవునప్పుడు మీరు తలుపు గడియ వేయుదురు గదా. ఎందుకు వేయుదురు? దొంగ రాకుండునట్లును, కుక్క దూరకుండునట్లును వేయుదురు. గడియ పడిన చప్పుడు వినగానే మన మనస్సు నెమ్మది పడును. బయటి భయము బయటనే యుండునని నమ్మి మనము కన్ను మూయుదుము.

అయితే ఆ చప్పుడు వినగానే గుండె దడదడ కొట్టుకొను స్త్రీలు మన ఊళ్లలో నున్నారు. వారి భయము వీధిలో లేదు, ఇంటిలోనే యున్నది. వారి యింటి గడియ దొంగను ఆపుటకు కాక, వారి కేక పొరుగువారికి వినబడకుండ చేయుటకే పనికివచ్చుచున్నది. ఇట్టివారు ఎక్కడనో ఒకరు ఇద్దరు అని తలంచకుడి. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 మొదలు 49 ఏండ్ల లోపు వివాహమైన స్త్రీలలో నూటికి 29 మంది భర్తచేతి హింసను ఎరిగినవారని తేలినది. మీ ఆరాధనలో చాపమీద కూర్చుండు స్త్రీలను ఒకసారి జ్ఞాపకము చేసికొనుడి. ఆ లెక్క మన చాపకు తగలదని ఎవరు చెప్పగలరు?

నేను మీ యెదుట ఉంచదలచిన ప్రశ్న ఇది. ఇంటిలో క్షేమము లేని మనిషికి స్వాతంత్ర్యమున్నదని చెప్పవచ్చునా? అట్టి మనిషికి పని చూపినను, అప్పు ఇచ్చినను, విద్య నేర్పినను అవి ఆమె చేతిలో నిలుచునా? దీనికి జవాబు నేను పుస్తకములలో నేర్చుకొనలేదు. ఒక తప్పు చేసి నేర్చుకొంటిని. దానిని దాచక చెప్పెదను.

చాల ఏండ్ల క్రిందట నేను మా ఊరి సంఘపెద్దలలో ఒకడను. స్త్రీల సమాజపు లెక్కల పుస్తకము కూడ నేనే వ్రాయుచుంటిని. సమాజమువారు చందాలు ప్రోగుచేసి మూడు కుట్టుమిషనులు కొనిరి. కుట్టుపని తెలిసిన బీద స్త్రీలకు వాటిని ఇచ్చి, నెలకు కొంత చొప్పున వాయిదాలు కట్టించుకొనవలెనని తీర్మానించితిమి. ముగ్గురి పేర్లు ఎన్నుకొంటిమి. వారిలో ఒకామె మిక్కిలి నేర్పరి. రవిక కుట్టినదంటే మరల విప్పి సరిచేయవలసిన పని లేదు. అయితే ఆమె మాత్రము, “నాకు వద్దండి” అనెను. కారణము అడిగితిమి. తల వంచుకొని ఊరకుండెను. నేను పుస్తకములో ఆమె పేరుకెదురుగా “ఆసక్తి లేదు” అని వ్రాసి, ఆ మిషను మరియొకరికి ఇప్పించితిని. ఇట్టివారికి ఎంత చేసినను ఫలము లేదని ఇంటికి వచ్చి నా భార్యతో కూడ అంటిని.

ఆరు మాసములైన తరువాత ఒక శనివారము రాత్రి ఆమె చంటిబిడ్డను ఎత్తుకొని పాస్టరుగారి యింటికి వచ్చెను. చెవి కమ్మ లాగివేయగా తమ్మె చీలి రక్తము కారుచుండెను. మమ్ములను పిలిపించిరి. మేము నలుగురము కూర్చుంటిమి. ఓర్చుకొమ్మంటిమి. సంసారమన్న తరువాత ఇవి తప్పవంటిమి. రేపు ఆదివారము గనుక నలుగురికి తెలియుట మంచిది కాదంటిమి. ప్రార్థన చేసి, ఆమెను ఇంటికి పంపుటకు లేచితిమి. అప్పుడామె గుమ్మము దగ్గర నిలిచి, “అయ్యగారూ, ప్రార్థన అయినాక మీరు మీ ఇంటికి పోతారు. నేను పోయేది కూడా ఇల్లేనంటారా?” అని అడిగినది.

ఎవరమును బదులు చెప్పలేకపోతిమి. అయినను ఆమెను పంపివేసితిమి. ఇది నా తప్పు.

ఆమె వెళ్లిన తరువాత పాస్టరమ్మగారు మాతో ఒక మాట చెప్పిరి. “ఆ పిల్ల మిషను ఎందుకు వద్దన్నదో మీకు తెలుసునా? ఆ యింటిలోనికి పోయిన వస్తువు తెల్లవారేదాక నిలవదు. పాలగేదె పోయింది, ఇత్తడి బిందె పోయింది. మిషను కూడా పోతే సమాజానికి బాకీ పడతానని భయపడింది.” నేను ఆ రాత్రి పుస్తకము తెరచి నేను వ్రాసిన “ఆసక్తి లేదు” అను మాటను చాలసేపు చూచుచుంటిని. ఆమెకు ఆసక్తి లేకపోలేదు, క్షేమము లేకపోయెను. రెంటికిని భేదము తెలియక నేను లెక్క వ్రాసితిని.

చదువరీ, భయము మనిషిని ఏలాగు బీదవానిగా చేయునో నిదానించి చూడుము. మొదట అది నిద్రను తీసికొనును. ఏ క్షణమున ఏమి జరుగునో అని రాత్రి చెవి ఒగ్గి పండుకొనిన స్త్రీ పగలు నాట్లలో అందరితో సమానముగా వరుస సాగించలేదు. కూలి తగ్గును. ఆ యింటిలోని పిల్లవాడు బడిలో పలకమీద తల వాల్చి నిద్రపోవును. పంతులు వానిని మొద్దు అని కొట్టును.

రెండవది, అది మాటను తీసికొనును. ఫలాని పని చేయుదునని గాని, చేయననిగాని చెప్పగలుగుటయే గదా స్వాతంత్ర్యము. పొరుగూరి కూలికి పోవుటకును, సంఘములో చేరుటకును, తల్లిని చూడబోవుటకును దెబ్బకు వెరచి అడుగు వేయలేనివారికి ఏ హక్కు ఉన్నట్లు? 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీ స్థానములలో కనీసము మూడవ వంతు స్త్రీలకు కేటాయించినది. మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో నేడది సగము. అయినను సర్పంచి కుర్చీలో భార్య పేరున భర్త కూర్చుండుట మీరు చూచియుందురు. శాసనము పంచాయతీ కార్యాలయపు తలుపు తెరచినది గాని, ఆమె ఇంటి తలుపు గడియ వేరొకరి చేతిలో నున్నది.

మూడవది, అది రేపటిని తీసికొనును. దాచిన డబ్బు దక్కునని నమ్మకమున్నవాడే దాచును. పంట తన యింటికి వచ్చునని నమ్మినవాడే విత్తును. ఏది దాచినను లాగుకొందురని తెలిసిన స్త్రీ ఎందుకు దాచవలెను? గ్రుడ్లమ్మిన డబ్బు ఆ పూటకే ఖర్చు చేయును. మనము ఆమెను చూచి “ముందుచూపు లేనిది” అందుము. ముందు చూచుటకే ఆమె భయపడుచున్నదని మనకు తెలియదు.

దీనికి మన తెలుగు దేశములోనే గొప్ప సాక్ష్యమున్నది. 1990వ దశాబ్దపు ఆరంభమున నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము జరిగినది. పగలు కూలిచేసి అలసిన స్త్రీలు రాత్రులు లాంతరు వెలుగున పాఠములు చదివిరి. ఒక పల్లెటూరి స్త్రీ తక్కిన స్త్రీలను కూడగట్టి సారా అంగడిని మూయించిన కథ ఆ వాచకములో నుండెను. ఆ కథ తమ కథయే అని వారు గ్రహించిరి. సారా త్రాగివచ్చిన మగవాడు కూలి డబ్బుతోపాటు ఇంటి నెమ్మదిని కూడ త్రాగివేయుచుండెను. 1992లో దూబగుంట అను గ్రామములో స్త్రీలు లేచి తమ ఊరి సారా అంగడిని మూయించిరి. వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు ఆ ఊరి పేరుతో కలిసి దూబగుంట రోశమ్మ అని రాష్ట్రమంతట వినబడినది. ఆ స్త్రీలు ధనవంతులు కారు. వారి చేతిలో చీపురులు, కారపు పొడి తప్ప ఆయుధములు లేవు. ఊరి వెంట ఊరు లేచినది. సారా పాటలను సాగనీయక అడ్డుపడిరి. ప్రభుత్వమునకు సారావలన వచ్చు ఆదాయము గొప్పదైనను, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని సడలించిరి.

చట్టము వచ్చినది, పోయినది. అయితే పోనిది ఒకటి యున్నది. సారా అంగడి మూతపడగానే నెల్లూరు జిల్లా స్త్రీలు ఏమి చేసిరి? దినమునకు ఒక రూపాయి చొప్పున దాచుకొనుట ఆరంభించిరి. దానికి పొదుపు లక్ష్మి అని పేరు. నిన్నటివరకు ఆ రూపాయి ఇంటిలో నిలిచినది కాదు. ఇప్పుడు నిలిచెను. ఆ రూపాయలు కూడి అప్పులాయెను, అప్పులు గేదెలును అంగళ్లును ఆయెను. తరువాత రాష్ట్రమంతట వ్యాపించిన స్త్రీల పొదుపు సంఘములకు ఇది గొప్ప బలమిచ్చెను. ఈ క్రమమును బాగుగా గమనించుడి. మొదట వారు డబ్బు అడుగలేదు. ఇంటిలో నెమ్మది అడిగిరి. నెమ్మది కలిగిన తరువాత డబ్బును వారే పుట్టించుకొనిరి.

“అటులైన స్త్రీకి సంపాదన కలిగిన చాలును, క్షేమము దానంతటదే వచ్చును” అని కొందరందురు. ఇందులో కొంత నిజమున్నది, కొంత లేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లెలో ఉపాధి హామీ పని ఆరంభమైనప్పటినుండి పల్లెటూరి స్త్రీ పేరున కూలి జమ అగుట మనమెరిగినదే. అయితే పాసుపుస్తకము ఆమె పేరున నున్నంత మాత్రమున డబ్బు ఆమెదగునా? భార్య చేతికి నాలుగు రూపాయలు వచ్చుట చూచి అసూయపడి మరింత కొట్టువాడును ఉన్నాడు. కాబట్టి చేతి డబ్బు ఒక్కటియే చాలదు.

అయితే కాలు మోపుటకు చోటు ఉండుట మిక్కిలి మేలు చేయును. కేరళ రాష్ట్రపు తిరువనంతపురము జిల్లాలో దాదాపు 500 మంది వివాహిత స్త్రీలను విచారించి, ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ అను పండితులు 2005లో ఒక పరిశోధన ప్రకటించిరి. భూమిగాని ఇల్లుగాని తమ పేరున లేని స్త్రీలలో నూటికి 49 మంది దెబ్బలు తినినవారే. భూమి మాత్రము ఉన్నవారిలో 18 మంది. ఇల్లు మాత్రము ఉన్నవారిలో 10 మంది. రెండును ఉన్నవారిలో 7 మంది. తన పేరున ఒక గది యున్న స్త్రీ, “నేను పోయేది ఇల్లేనా?” అని అడుగనక్కర లేదు. తన గదికే పోవును. ఆ సంగతి ఆమె మగనికిని తెలియును. కనుక అతని చేయి కొంత వెనుకాడును.

ఇక్కడ తండ్రులతో ఒక మాట చెప్పవలసియున్నది. క్రైస్తవ కుటుంబములకు వర్తించు 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక తండ్రి మరణించినయెడల, అతని భార్యకు మూడవ వంతు పోగా మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానముగా రావలెను. కొడుకునకు ఒక పాలు, కూతురునకు అరపాలు అని అందులో లేదు. అయితే మనమేమి చేయుచున్నాము? “నీ పెండ్లికి ఖర్చు పెట్టితిమి గదమ్మా” అని చెప్పి, ఆడపిల్లచేత హక్కు వదులుకొన్నట్లు వ్రేలిముద్ర వేయించుకొందుము. ఆమె అన్నదమ్ములతో తగవు ఎందుకని వేయును. తరువాత ఒక రాత్రి బిడ్డను చంకనెత్తుకొని ఆమె పుట్టింటి గడప తొక్కినప్పుడు, అక్కడ కూడ ఆమె చుట్టమే గాని హక్కుదారు కాదు.

“ఇది వారి యింటి గొడవ, మనమెందుకు పోవలెను?” అని పెద్దలందురు. పొరుగువాని కప్పు అంటుకొన్నప్పుడు అది వాని యింటి మంట అని మనము ఊరకుందుమా? బిందె పట్టుకొని పరుగెత్తుదుము. “కోర్టుకు పోయినయెడల సంసారము చెడును” అనియు అందురు. సంసారమును చెడగొట్టినది కోర్టు మెట్లు ఎక్కిన కాలా, చెంపమీద పడిన చేయా? న్యాయముగా చెప్పుడి. 2005లో చేయబడి 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్న గృహహింస చట్టము చదివినవారికి, అది ఇంటిని కూల్చుటకు కాక నిలుపుటకే వ్రాయబడినదని తెలియును. ఇల్లు ఎవరి పేరున నున్నను, కాపురమున్న స్త్రీని అందులోనుండి గెంటివేయరాదని అది చెప్పుచున్నది. కొట్టరాదని మేజిస్ట్రేటు ఉత్తరువు చేయవచ్చును. భార్యకే గాక తల్లికిని, కూతురునకును, సోదరికిని అది రక్షణయే. ఆమెకు రావలసిన డబ్బు రానీయకుండుటయు, ఆమె సొత్తు అమ్మివేయుటయు కూడ హింసయే అని అది లెక్కించినది. దెబ్బకును దరిద్రమునకును సంబంధమున్నదని శాసనము చేసినవారు గ్రహించిరి. మనము గ్రహింపవద్దా?

పురుషులారా, ఈ మాటలు మీకు కటువుగా తోచవచ్చును. అయితే భయపెట్టువాడు కూడ స్వతంత్రుడు కాడు. తాను ఇంటికి రాగానే నవ్వులు ఆగిపోవును. పిల్లలు మూలకు పోవుదురు. అన్నము పెట్టు చేయి వణకును. అతనికి నిజము చెప్పువారు లేరు. ఆపదలో అతని ప్రక్కన నిలుచుటకు ఇష్టపడువారు లేరు. ముసలితనమున మంచము పట్టినప్పుడు అతని దగ్గరకు వచ్చువారు కర్తవ్యమునకు వత్తురు గాని ప్రేమకు రారు. అట్టివాడు తన యింటిలోనే పరదేశి. మీ భార్య మీ మాటకు ఎదురు చెప్పగలిగి, చెప్పి, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోవుచున్నదా? అటులైతే మీరు మిక్కిలి ధన్యులు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన ఆ సహోదరి సంగతి ముగించెదను. మా తప్పు దిద్దుటకు తోవ చూపినది పెద్దలమైన మేము కాదు, ఒక ముసలి విధవరాలు. ఆమె యింటికి చిన్న వసారా యుండెను. “మిషను నా వసారాలో పెట్టండి. దాని జోలికి ఎవడొస్తాడో నేను చూస్తాను” అనెను. మేము సిగ్గుపడి, నాల్గవ మిషను కొని అక్కడ పెట్టితిమి. దెబ్బ పడిన రాత్రి ఆ సహోదరియు పిల్లలును అక్కడనే పండుకొనవచ్చునని తీర్మానించితిమి. తరువాత మాలో ఇద్దరము ఆమె భర్తయొద్దకు పోయి, ఇకమీదట చేయి ఎత్తినయెడల మేమే సాక్షులమై పోలీసు స్టేషనుకు వత్తుమని చెప్పితిమి. అతడు ఒక్క దినములో మారలేదు. రెండు పర్యాయములు మేము మరల పోవలసివచ్చెను. అయితే తన భార్య ఒంటరిది కాదని అతడు గ్రహించెను.

ఆ వసారాలో ఆమె మొదట చేసిన పని ఏమిటో తెలుసునా? కుట్టు కాదు. రెండు దినములు నిద్రపోయెను. ముసలమ్మ ఎవరిని లేపనీయలేదు. మూడవ దినమున లేచి మిషను ముందు కూర్చుండెను. వాయిదాలు ఒక్కటియు తప్పలేదు. కొన్ని ఏండ్లకు ఆమె యొద్ద మరి ఇద్దరు పిల్లలు పని నేర్చుకొనిరి. నేను లెక్కల పుస్తకములో “ఆసక్తి లేదు” అను మాట కొట్టివేసితిని గాని, ఆ కొట్టివేత క్రింద అది నేటికిని కనబడును. కనబడవలసినదే.

చదువరులారా, మన సంఘములు బీదవి. మనము ఫ్యాక్టరీలు కట్టలేము, ఉద్యోగములు ఇయ్యలేము. అయితే ఒక వసారా చూపగలము. రాత్రి వచ్చిన స్త్రీని ఆ రాత్రి వెనుకకు పంపకుండగలము. ఓర్చుకొమ్మని ఆమెతో చెప్పుటకు ముందు, ఆగుమని అతనితో చెప్పగలము. 181 అను నెంబరుకు ఫోను చేసినయెడల స్త్రీలకు సహాయము దొరకుననియు, ప్రాణాపాయమైనప్పుడు 112కు చేయవలెననియు, 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము ఏ స్త్రీకైనను ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా వకీలు సహాయము లభించుననియు స్త్రీల సమాజములో చదివి వినిపించగలము. కూతురునకు రావలసిన పాలు కూతురునకు వ్రాయగలము. వీటిలో దేనికిని గొప్ప ధనము అక్కరలేదు.

సమాధాన దినములను వర్ణించుచు మీకా ప్రవక్త రాజభవనమును చూపలేదు. తన సొంత చెట్టు నీడను, భయపెట్టువాడు లేక కూర్చున్న మనిషిని చూపెను. చెట్టు తనది గనుక అతనికి జీవనాధారమున్నది. తన యిష్టము చొప్పున కూర్చున్నాడు గనుక అతనికి స్వేచ్ఛ యున్నది. అయితే భయపెట్టువాడు వచ్చినయెడల ఆ చెట్టు తనదైనను దానిక్రింద ఎవరు కూర్చుండగలరు? ఆ చెట్టు నీడ మన స్త్రీలకును పిల్లలకును కూడ కావలెను.

ఈ రాత్రి మీ యింట గడియ పడునప్పుడు ఒక క్షణము ఆగి ఆలకించుడి. ఆ చప్పుడు విని మీ యింటిలో ఎవరి గుండె నెమ్మది పడుచున్నది? ఎవరి గుండెలో దడ పుట్టుచున్నది? మీ యింటిలో నెమ్మది యున్నయెడల, పొరుగింటి గోడవైపు కూడ చెవి ఒగ్గుడి. అక్కడ కేక వినబడినయెడల, వేసిన గడియ తీసి వెలుపలికి రండి.